మా దిక్కు దమ్ము – 7వ భాగం

మా బోధన్ దిక్కు ఊపిరాడకపోతే దాని పేరు ఒక్కటే: దమ్ము. గుండె బలహీనమైనా దమ్మే, రక్తం తక్కువైనా దమ్మే, టీబీ అయినా దమ్మే. నలభై ఏండ్లు కట్టెల పొయ్యి ఊదిన అవ్వదీ దమ్మే. పండుకుంటే ఆయాసం ఎక్కువై, కాళ్లు ఉబ్బితే గుండె చూడాలె. కంటి రెప్ప లోపల పాలిపోతే రక్తం చూడాలె. పిల్లికూతలుంటే ఊదించి చూడాలె. ఇవన్నీ డాక్టర్లకు తెలుసు. అడగనిది ఒక్కటే: నువ్వు ఏం పని చేస్తవు?

ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లనే పుస్తకం రాసి చెప్పిండు, రోగిని ఇది తప్పక అడగమని.

మా చిన్నాయన ఒక గుత్తేదారు కింద చెరుకు పిప్పి లారీలకెత్తే కూలి. తడి పిప్పి కుప్పవోస్తే లోపల ఉడుకెక్కుతది. ఆ వేడిల పెరిగే సూక్ష్మజీవులు దుమ్ముతోటి ఊపిరితిత్తులకు పోతయి. పొద్దున ఎత్తితే సాయంత్రానికి చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం. పనికి పోకుంటే తగ్గుతది, మళ్లీ పోతే మళ్లీ వస్తది. రోగం గుర్తుపట్టే ఆనవాలు ఇదే. నిజామాబాద్‌ల ఒక దవాఖానల మూడుసార్లు చూపించినం. ఒకసారి వైరల్ జ్వరమన్నరు. ఒకసారి కఫంల ఏం దొరకకున్నా టీబీ మందులిచ్చిన్రు. మూడోసారి 'తాగుతడా?' అని నన్నడిగిన్రు. మమ్ముల చూస్తే ఆ ప్రశ్న మాత్రం జల్ది గుర్తొస్తది.

ఈ రోగానికి పేరుంది, బగాసోసిస్. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం మూడో షెడ్యూల్, సి భాగంల వృత్తిరోగంగా రాసిపెట్టిన్రు కూడా. కానీ డాక్టర్ ఆ పేరు కాగితం మీద రాయకుంటే కేసే లేదు. పిప్పి కుప్పలెక్కేది ఏ వాడోళ్లో మీకు చెప్పాల్నా? మా చిన్నాయనకు ఈఎస్ఐ కార్డు లేదు, గుత్తేదారు దగ్గర హాజరు పుస్తకం లేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది గదా, ఇప్పుడెందుకీ ముచ్చట అంటరు కొందరు. ఏండ్ల తరబడి ఈ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడుతయి. పని బందైనా ఆ గట్టిదనం పోదు. బీడీలు చుట్టే మా అక్కలు పీల్చే పొగాకు దుమ్ము గురించి వచ్చే భాగంల రాస్త.

మెడిసిన్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఓపీల కూసున్నప్పుడు రెండు మాటలు ఎక్కువ అడగండి: ఏ పని? సెలవునాడు తగ్గుతదా? చిన్నాయన చీటీలు మూడూ నా దగ్గరున్నయి. పని అన్న కాడ ఒకదాంట్ల 'కూలి' అని ఉంది, రెండిట్ల ఖాళీ.