ఓటీపీ అమ్మ ఫోన్‌కి వెళ్తుంది

ఆన్‌లైన్ పాఠాలకి కొత్త ప్లాట్‌ఫామ్ ఎంచుకోవడానికి 2024లో మా విద్యాసంస్థలో కమిటీ వేశారు. పేరు రాయను, అడక్కండి. టెక్కలి, పలాస, ఉద్దానం పిల్లలు చదువుకునే చోటు అనుకోండి చాలు. అందులో నన్ను వేసింది కంప్యూటర్ బాగా తెలిసిన ఉస్తాద్ అని కాదు. కామర్స్ చెప్తాను కాబట్టి ఖర్చుల హిసాబ్ చూస్తాడని.

2020 మార్చిలో తలుపులు మూసినప్పుడు ఎవరూ ఏదీ ఎంచుకోలేదు. ముఫ్త్‌గా వస్తోందని గూగుల్ క్లాస్‌రూమ్‌లో దూరాం. 2021 ఫిబ్రవరిలో గూగుల్ ఖబర్ పంపింది: విద్యాసంస్థలకి హద్దులేని జాగా ఇక ఉండదు, 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు. దునియాలో పెద్దపెద్ద యూనివర్సిటీలు కొన్ని సామాన్లు సర్దుకోవడం మొదలెట్టాయి. నాకైతే ఇందులో షికాయత్ లేదు. ఊరికే ఇచ్చినవాడికి హద్దు గీసుకునే హఖ్ కూడా ఉంటుంది. మా సామాను ఆ నూరులో మూలకి కూడా రాదు, అయినా పెద్దలకి ఫికర్ పట్టుకుంది. సొంత ఇల్లు చూసుకోవాలన్నారు.

ఇళ్లు రెండు రకాలు. ఒకటి మూడిల్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డుగియమాస్ అనే ఆయన తయారుచేసి 2002లో మొదటి వెర్షన్ వదిలాడు. ఎవరైనా తెచ్చుకుని పెట్టుకోవచ్చు, పైసా అడగరు. కానీ ఆవుని ఊరికే ఇచ్చినా గడ్డి మనమే కొనాలి కదా: సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే మనిషి కావాలి. రెండోది కంపెనీ ఇల్లు. తలకింత అని ఏటా కడితే అన్నీ వాళ్లే చూస్తారు. మధ్యలో ఒకాయన, రాష్ట్ర ప్రభుత్వం ఫిబ్రవరిలో ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది, రెండువేలకి పైగా కోర్సులొస్తాయి, మనకి వేరే ఎందుకన్నాడు. ఎడెక్స్‌ని 2012లో పెట్టింది హార్వర్డ్, ఎంఐటీలు. 2021లో దాన్ని 80 కోట్ల డాలర్లకి కొన్న 2యూ కంపెనీ, ఈ ఒప్పందం జరిగిన ఏడాదే జూలైలో దివాలా పిటిషన్ వేసింది. కోర్సులు ఆగాయని కాదు. అంత ఖాందానీ ఇంటికే యజమానులు మారుతుంటే, మన పిల్లల రాతలు పెట్టుకునే అల్మరా ఎవరిదో చూసుకోవాలి కదా అన్నాను. అందరూ టీ తాగారు.

డెమో ఏసీ గదిలో పెద్ద తెర మీద నడిచింది. గ్రాఫులు మాషా అల్లా అన్నట్టున్నాయి. ఎవరు ఎన్ని నిమిషాలు విన్నారో ఎర్ర రంగులో, పచ్చ రంగులో కనబడతుంది. లాగిన్ ఎలా అని అడిగాను. "ఓటీపీ సార్, ఫుల్ సేఫ్" అన్నాడు కుర్రాడు. డౌన్‌లోడ్? "కుదరదు సార్, పైరసీ అవుతుంది." నేను చెప్పే డిప్రిసియేషన్ పాఠాన్ని ఎవడు దొంగిలిస్తాడు బాబూ అనుకున్నాను. ఫైసలా మాత్రం కంపెనీ ఇంటికే అయింది.

నా షాగిర్దుల్లో వజ్రపుకొత్తూరు వైపు అమ్మాయి ఒకర్తి ఉంది. నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఈ మాటకి వివరణ అక్కర్లేదు, అటు నుంచి వచ్చే ప్రతి క్లాసులో ఇలాంటి పిల్లలుంటారు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తోడుగా పలాస వస్తుంది. మంచం పక్క నాలుగు గంటలు. పాత పద్ధతిలో కాలేజీ వైఫై మీద పాఠాలు దింపుకుని అక్కడ వినేది. "నాన్న కూడా ఇంతాడు సార్, బ్యాలెన్స్ షీటంటే ఏటో ఆయనకిప్పుడు తెలుసు" అని నవ్వింది ఓసారి.

ఇల్లు మారాక పదిరోజులు కనబడలేదు, తెర మీద ఎర్ర రంగు. పిలిచి అడిగితే, అడ్మిషన్‌లో ఇచ్చింది అమ్మ నంబరట. అమ్మ కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తుంది. "అమ్మ ఫోను సంచిలో ఉంతాది సార్. చేతులకి జీడి జిడ్డు, పన్లో తియ్యనివ్వరు. సాయంత్రం సూసీసరికి ఆ నంబరు సచ్చిపోతాది." ఓటీపీ ఉమర్ అయిదు నిమిషాలు. అమ్మ షిఫ్టు పొద్దుగూకేదాకా.

నెట్ ఉంటుందనే నమ్మకం మీద తాలీమ్ కట్టడం మా తీరంలో కుదరదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ లేదు. మా మామూ దగ్గర ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు ట్రంకుపెట్టెలో ఇంకా ఉన్నాయి. 1982లో పెట్టారు దాన్ని, దేశంలోనే మొదటిది. అప్పట్లో ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి చేరేవారు. మిషన్ మీద బట్టలు కుడుతూ, లాంతరు పెట్టుకుని డిగ్రీ చేశాడాయన. ఆ కితాబులకి లాగిన్ లేదు.

నాకు ఎక్కువ దర్ద్ కలిగించింది ఇంకొకటి. కామన్ కార్ట్రిడ్జ్ అనే పద్ధతిలో పాఠాలు, ప్రశ్నపత్రాలు మూటకట్టి ఒక ప్లాట్‌ఫామ్ నుంచి ఇంకోదానికి మోసుకుపోవచ్చు. పిల్లలు రాసిన జవాబులు, అడిగిన సందేహాలు ఆ మూటలో రావు. పాత ఇంట్లో ఒక కుర్రాడు అడిగాడు: "సార్, తిత్లీకి పడిపోయిన కొబ్బరిచెట్టుని తరుగుదల కింద రాయాలా, నష్టం కింద రాయాలా?" ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేని సవాల్. తరుగుదల అంటే ఏటేటా కొంచెం కొంచెం అరిగేది, ఇది ఒక్క రాత్రిలో పోయింది, అసాధారణ నష్టం అని నేను రాస్తే, కింద ఇరవైమంది తమ తోటల లెక్కలు రాశారు. ఒకమ్మాయి, మళ్లీ నాటిన మొక్క కాపుకి వచ్చేదాకా ఏళ్లపాటు రాని ఆదాయాన్ని ఎక్కడ రాయాలని అడిగింది. దానికి పుస్తకంలో ఖానా లేదు. తర్వాతి బ్యాచీలకి ఆ పేజీయే చూపించి పాఠం చెప్పేవాణ్ని. పిల్లలు మన దగ్గర పెట్టిన అమానత్ అది. పాత ఖాతాలు మూసే వారం ముందు ఆ సంభాషణలన్నీ కాశీబుగ్గ జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి బైండు చేయించాను. బిల్లు కమిటీకి పెట్టలేదు.

వచ్చే జూన్‌లో ఒప్పందం రెన్యువల్. దరఖాస్తులో మూడు రాశాను. ఒక్కో విద్యార్థికి రెండు నంబర్లు. పాఠం దింపుకునే వీలు. రేపు మనం వెళ్లిపోతే పిల్లలు రాసిన ప్రతి అక్షరమూ, చదవగలిగే రూపంలో, మన చేతికి ఇస్తామని రాతపూర్వకంగా వాదా. మొదటిది ఒప్పుకున్నారు, ఆ అమ్మాయి పెదనాన్న కొడుకు నంబరు ఎక్కించాం. మూడోదానికి లీగల్ వాళ్లని అడిగి చెప్తామన్నారు. డౌన్‌లోడ్ గురించి ఇంకా జవాబు లేదు. అప్పటిదాకా ఆడియో నేనే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాను. మంగళవారం, శుక్రవారం పలాస బస్సుకి ముందు వచ్చి తీసుకెళ్తోంది.