సంగటి సరే... ఊరుబిండి ఏదీ?

కర్నూలు దాటి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే హోటళ్ల బోర్డుల మీద ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రాగిసంగటి - నాటుకోడి పులుసు! ఆ అక్షరాలు చూడగానే కార్లు ఆగుతాయి. ఆకులో వేడివేడి ముద్ద, ముద్ద నడుమ గుంట, గుంటలో నెయ్యి, పక్కనే ఎర్రగా మరిగిన పులుసు. హైదరాబాద్‌లో, బెంగళూరులో 'సీమ రుచులు' అన్నా ఇప్పుడు ఈ జంటే ముందుగా గుర్తొస్తుంది.

రోడ్డు దిగి పక్క ఊళ్లోకి వెళ్తే కథ కాస్త మారుతుంది. సీమ ఇంట్లో కోడిని కోసేది పండగ రోజో, అల్లుడొచ్చిన రోజో. మరి మిగతా రోజుల్లో ముద్ద గొంతు దిగిందెలా? ఊరుబిండితో, పుల్లగూరతో, ఎనిపిన పప్పుతో, ఉలవల చారుతో. ఏ బోర్డు మీదా కనిపించని ఈ పేర్లే అసలు సీమ వంట. పావుగంటలోనో అరగంటలోనో అయిపోయే వంట. చేతిలో డబ్బు లేని రోజున కూడా చేలో దొరికిన దాంతో అయిపోయే వంట.

ముద్ద ఒకటే... తోడు వేరు

రాగిసంగటికి సొంతంగా పెద్ద రుచేమీ ఉండదు. ఉప్పు, పిండి, నూకలు... అంతే. దాని గొప్పంతా పక్కనున్న దాని రుచిని తనలోకి తీసుకోవడంలో ఉంది. వండటం కూడా కష్టం కాదు, కాస్త చెయ్యి తిరగాలి. గ్లాసు బియ్యానికో నూకలకో నాలుగైదు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించాలి. ఉప్పు వేసి, గ్లాసు రాగిపిండిని పైన కుప్పలా పోయాలి. కలపకూడదు! కట్టెతో నడిమధ్య ఓ చిల్లు పెట్టి, మూతేసి, సన్నమంట మీద కాసేపు వదిలేయాలి. ఆవిరికి పిండి మగ్గిన తర్వాతే కట్టె పట్టుకుని గట్టిగా కెలకాలి. ముందే కలిపితే ఉండలు కడుతుంది, మగ్గకముందే దించితే పచ్చివాసన వస్తుంది. గిన్నెను రెండు పాదాల మధ్య బిగించి, రెండు చేతులతో కట్టెను తిప్పే అవ్వలు ఇప్పటికీ పల్లెల్లో ఉన్నారు. తర్వాత చెయ్యి తడి చేసుకుని ముద్దలు చుట్టడమే.

తినడానికీ ఓ పద్ధతుంది. చిన్న ముక్క తుంచి, వేళ్లతో నునుపు చేసి, పులుసులో అద్ది మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే దొరికిపోతారు! మిగిలిన ముద్దను రాత్రి నీళ్లలో వేసి, పొద్దున్నే మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగితే అదే ఎండాకాలపు చద్ది. ఎర్రగడ్డంటే కంగారు పడొద్దు, సీమలో ఉల్లిపాయ పేరది. వెల్లుల్లి తెల్లగడ్డ, వేరుశనగ చెనక్కాయ, కందిపప్పు కందిబ్యాళ్లు. రాగులకు కూడా ఊరికో పేరు. ఉత్తరాంధ్రలో చోళ్లంటారు, తెలంగాణలో తైదలంటారు.

రోటి దగ్గర మొదలు

ఇంతకీ ఊరుబిండి ఏమిటి? చెనక్కాయల పచ్చడే. కానీ ఇడ్లీ పక్కన పలుచగా పోసే చట్నీ లాంటిది కాదు. గింజల్ని దోరగా వేయించి పొట్టు తీయాలి. ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ రోట్లో వేసి ముందు నూరుకోవాలి. తర్వాత గింజలు వేసి, కొంచెంగా నీళ్లు చిలకరిస్తూ దంచాలి. చివర్లో ఎర్రగడ్డ వేసి కచ్చాపచ్చాగా నాలుగు దెబ్బలు. అంతే! పచ్చిమిరపకాయలతో చేసే ఇళ్లూ ఉన్నాయి. పలుకు పంటికి తగలాలి, వేలితో తీస్తే ముద్దలా రావాలి. మిక్సీలో తిప్పితే మెత్తగా పేస్టవుతుంది, ఆ పలుకు పోతుంది. మిక్సీ తప్పదనుకుంటే ఆపి ఆపి తిప్పడమే మార్గం.

కదిరి, అనంతపురం వైపు ఈ పచ్చడి లేని ఇల్లు అరుదు. ఎందుకుండదు? చుట్టూ ఎర్రనేలలు, ఆ నేలల్లో చెనక్కాయ పంట. కదిరిలో వ్యవసాయ పరిశోధన కేంద్రమే ఉంది. అక్కడ పుట్టిన కదిరి-6 రకాన్ని దేశంలోని రైతులు చాలామంది పండించారు. అయితే ఓ ముచ్చట! తాతల నాటి వంట అనుకునే ఈ పచ్చడిలోని చెనక్కాయా, మిరపకాయా రెండూ ఒకప్పుడు అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. పులుసులో వేసే టమాటా కూడా అంతే. రాగి మాత్రం అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే ఇక్కడుంది. పాత ముద్ద కొత్త చుట్టాల్ని కలుపుకొంది.

పుల్లగూరది ఇంకో దారి. వంకాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ, కాస్త చింతపండు అన్నీ ఒకే గిన్నెలో ఉడికించి, గుత్తితో ఎనిపి, తెల్లగడ్డతో తిరగమోత పెట్టడమే. వంకాయ లేకపోతే ఆకు. చెంచలాకు, గురుగాకు, పాయలాకు... ఇవి అంగట్లో కొనేవి కావు. కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లు కొంగులో వేసుకొచ్చేవి. ఉలవల చారుదీ ఇదే లెక్క. ఎద్దుల కోసం ఉలవలు ఉడికిస్తే గింజలు ఎద్దులకు, పిల్లలకు గుగ్గిళ్లు. ఆ కట్టులో చింతపండు పిండి, మిరియాలు, తెల్లగడ్డ దంచి వేస్తే ఇంటిల్లిపాదికీ చారు. పారబోసేదేమీ లేదు!

ఊరు మారితే రుచి మారె

సీమంతా ఒకే కంచం అనుకుంటే పొరపాటే. ఆదోని వైపు వెళ్తే సంగటి స్థానంలో జొన్నరొట్టె వస్తుంది. తట్టే చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. పక్కన చెనక్కాయల పొడి, గుత్తి వంకాయ, ఎనిపిన ఆకుకూర పప్పు.

గుంతకల్లు, గుత్తి, అనంతపురంలో తెల్లారితే ఉగ్గాని. బొరుగుల్ని నీళ్లలో ముంచి, వెంటనే గట్టిగా పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తిరగమోతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. ఇక్కడ 'పప్పులు' అంటే పుట్నాలు! పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. మెత్తటి ఉగ్గాని, కరకరలాడే బజ్జీ... పది నిమిషాల టిఫిను. సరిహద్దు దాటి బళ్లారి వెళ్లినా ఇదే పలకరిస్తుంది. ఆశ్చర్యం ఏముంది? 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో బళ్లారి కూడా ఉంది. ఆ ప్రాంతానికి 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు వచ్చింది. తర్వాత రాష్ట్రాలు వేరయ్యాయి గానీ బొరుగులకు ఆ సంగతి తెలియదు.

మదనపల్లె వైపు చలికాలంలో వెళ్లాలి. డిసెంబరు, జనవరి నెలల్లో సంతనిండా అనపకాయలే. గింజలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితికితే తోలు చేతిలో మిగిలి పప్పు జారి పడుతుంది. అదే పితికిన పప్పు. కొబ్బరి, ధనియాలు, అల్లం, తెల్లగడ్డ నూరిన మసాలాలో ఉడికిస్తే సంగటికి కోడికూర అవసరం ఉండదు. వంట సులువే, పితకడానికే చేతులు కావాలి. అందుకే టీవీ ముందో అరుగు మీదో ఇంటిల్లిపాదీ కూర్చుని పితుకుతారు. చిన్నపిల్లలు కూడా! ఆ కబుర్లతో కలిపే దాని రుచి.

రాయచోటి నుంచి గువ్వలచెరువు కనుమ దిగి, అక్కడి పాలకోవా రుచి చూసి, కడప చేరితే కారం దోశ. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ నూరిన ఎర్రకారాన్ని దోశంతా పూసి, పప్పుల పొడి చల్లి ఇస్తారు. పండగ పూట ఇళ్లల్లో అలసంద వడలు, కోడికూర. ఎక్కడికెళ్లినా సూత్రం ఒకటే. కడుపు నింపేది చప్పగా, దాని తోడు ఘాటుగా.

ముద్ద ఎందుకు పోయింది?

ఇంత రుచిగల ముద్ద మధ్యలో ఇళ్లల్లోంచి ఎందుకు జారిపోయింది? సీమ వానకు కరువైన నేల. అనంతపురంలో ఏడాదంతా కలిపి కురిసే సగటు వర్షం 550 మిల్లీమీటర్లే. అందుకే జొన్న, కొర్ర, రాగి, సజ్జ, ఆరిక. వాటి సాళ్ల మధ్య కంది, అలసంద, అనుము, ఉలవ. ఒక పంట పోయినా ఇంకోటి చేతికొచ్చేది. ఒకే చేలో ముద్దా ఉండేది, ముద్దకు తోడూ ఉండేది.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. పండగకు తప్ప వరన్నం ఎరగని ఇళ్లల్లో రోజూ తెల్లన్నం ఉడికింది. ఆ బియ్యం ఎన్నో కడుపుల ఆకలి తీర్చింది, అందులో సందేహం లేదు. అయితే అదే సమయంలో చెనక్కాయకు నాలుగు డబ్బులొస్తున్నాయని చేలన్నీ దానివైపే మళ్లాయి. కొర్రలు, ఆరికలు తగ్గాయి. సాళ్ల పంటలు తగ్గాయి. పైగా సంగటి పేదింటి తిండి, అన్నం ఉన్నోళ్ల తిండి అన్న నామోషీ తోడయింది. చుట్టాలొస్తే సంగటి గిన్నెను చాటుకు జరిపిన ఇళ్లున్నాయి.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. పదహారో శతాబ్దపు కన్నడ భక్తకవి కనకదాసు 'రామధాన్య చరిత్రె' అనే కావ్యమే రాశారు. అందులో బియ్యం, రాగి నేను గొప్పంటే నేను గొప్పని రాముడి ముందు వాదులాడుకుంటాయి. రెండింటినీ బందీ చేయిస్తే కొన్ని నెలలకు బియ్యం చెడిపోతుంది, రాగి చెక్కుచెదరదు. గెలుపు రాగిదే! పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి నిల్వ ఉండే ఆ గింజ కరువు సీమకు ఎంత ఆసరానో ఈ కథే చెబుతుంది.

తిరిగొచ్చింది కానీ...

ఇప్పుడు గాలి మళ్లింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మార్చిలోనే ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది దాంతో పోలిస్తే నామమాత్రం. షుగరు ఉన్నవాళ్లు, పిల్లల ఎముకల గురించి ఆలోచించేవాళ్లు, అందరూ రాగిపిండి ప్యాకెట్టు కొంటున్నారు. ఒకప్పుడు చాటుకు జరిపిన గిన్నె ఇప్పుడు విందుల్లో నడిమధ్య కూర్చుంది. మంచిదే.

కానీ సంగటి ఒక్కటే రాలేదు, రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మందులా, రెండోది నాటుకోడితో విందులా. మందులా వచ్చింది నాలుగు రోజులకు మొహం మొత్తుతుంది. విందులా వచ్చింది ఆదివారానికే పరిమితం. రోజూ తినగలిగే ఇంటి తిండిగా దాన్ని నిలబెట్టిన ఊరుబిండీ, పుల్లగూరా, ఉలవల చారూ, పితికిన పప్పూ వెనకే ఉండిపోయాయి. కలుపుమందు కొట్టిన చేలో చెంచలాకు మొలవదు. ఎద్దులు లేని ఇంట్లో ఉలవలు ఉడకవు. రోలు పెరట్లో బోర్లా పడి ఉంది. ఆ కొలతలన్నీ ఏ పుస్తకంలోనూ లేవు, జేజమ్మల చేతివేళ్లలోనే ఉన్నాయి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవళ్లు, మనవరాళ్లు ఫోన్లో అడిగితే 'కొంచెం వెయ్యి, చూసి వెయ్యి' అనడం తప్ప గ్రాముల్లో చెప్పడం వాళ్లకు రాదు. సెలవులకు ఊరెళ్లినప్పుడు పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

అదృష్టం ఏమిటంటే ఇవేవీ కష్టమైన వంటలు కావు. గుప్పెడు చెనక్కాయలు, నాలుగు మిరపకాయలు, చింతపండు రెబ్బ లేని వంటిల్లు తెలుగునాట ఉండదు. చిన్న రోలు కొనుక్కుంటే అదే జీవితకాలం వస్తుంది. ఉలవలు ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు. రాగిపిండి ప్యాకెట్టు ఈసరికే మీ ఇంట్లో ఉండి ఉంటుంది. ఈ ఆదివారం నాటుకోడిని కాస్త పక్కన పెట్టండి. ముద్ద చుట్టి, పక్కన ఇంత ఊరుబిండి వేసి పిల్లలకు పెట్టి చూడండి. మింగడం రాక మొదట్లో అవస్థ పడతారు. రెండో ముద్దకు వాళ్లే చెయ్యి చాస్తారు!