ర్యామ్ వేయిద్దామా, వద్దా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు పండక్కి ఇంటికెళ్తే తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మా సిస్టం బాగా స్లో అయిపోయింది బాబూ, ర్యామ్ వేయించమంటావా?" అని. చాలామంది దగ్గర సమాధానం రెడీగా ఉంటుంది: వేయించెయ్యండి, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. నాకు మాత్రం ఈ సమాధానం నచ్చదు. మెమరీ చౌకగా ఉన్న రోజుల్లో ఐతే పోన్లే అని సరిపెట్టుకోవచ్చు. ఇప్పుడు అలా లేదు.

2025 చివరి నెలల్లో మెమరీ రేట్లు ఒక్కసారిగా కొండెక్కాయి. ప్రపంచంలో ఈ చిప్పుల్లో ఎక్కువ భాగం చేసేది మూడే కంపెనీలు - శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్ల వాళ్ళు ఎంతైనా పెట్టి కొంటుంటే తయారీ అంతా అటువైపు మళ్ళింది. 2025 డిసెంబరులో మైక్రాన్ ఐతే మనలాంటి వాళ్ళకి అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే వదిలేస్తున్నానని ప్రకటించింది. అంటే ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఒక స్టిక్కు కొనాలన్నా డేటా సెంటర్లతో పోటీ పడాలన్నమాట!

అసలు ర్యామ్ చేసే పనేంటి? వంటగదిలో గట్టు అనుకోండి. వండుతున్నవి, తరుగుతున్నవి అన్నీ దాని మీదే ఉండాలి. చోటు చాలకపోతే కొన్నిటిని తీసి డిస్కులో పెట్టి, కావాల్సినప్పుడు మళ్ళీ తెచ్చుకోవాలి. ఈ తెచ్చుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా. ర్యామ్ నుంచి తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్క్ నుంచి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. లక్ష రెట్లు! గట్టు మీది ఉప్పు డబ్బా అందుకోడానికి ఒక సెకను అనుకుంటే, హార్డ్ డిస్క్ నుంచి ఉప్పు రావడానికి ఒక రోజు దాటిపోతుంది. ఎస్ఎస్‌డీ ఐతే పావుగంట చిల్లర.

కాబట్టి గట్టు నిజంగా నిండిపోతుంటే పెద్దది చేయించుకోవాల్సిందే. సగం ఖాళీగా ఉన్న గట్టుని ఇంకో నాలుగడుగులు పెంచితే మాత్రం కూర తొందరగా ఉడకదు.

2026 సంక్రాంతికి మా ఇంట్లోనే ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. నాన్నది 2014లో కొన్న డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. షాపతను ఇంకో 8 జీబీ వేస్తే రాకెట్టులా పోతుందన్నాడట. చెల్లిది బీటెక్ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఆండ్రాయిడ్ యాప్ రాస్తోంది. "అన్నయ్యా, ఎమ్యులేటర్ ఆన్ చేస్తే మౌస్ కూడా కదలట్లేదు, నాన్నకి నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. నాన్న కొత్త ల్యాప్‌టాప్ కోసం ఫిక్సెడ్ డిపాజిట్ తీసేద్దామని చూస్తున్నారు. రిటైరైన మనిషికి ఆ డిపాజిట్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరికీ ఒకటే చెప్పాను. రోజూ ఎలా వాడతారో అలాగే ఒక గంట వాడండి, నేను పక్కన కూర్చుని చూస్తాను అని. చూడాల్సినవి రెండు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడుతోంది, 'కమిటెడ్' అంకె ఎంతుంది అన్నది ఒకటి. రిసోర్స్ మానిటర్‌లో 'హార్డ్ ఫాల్ట్స్' రెండోది. కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్కు దాకా పోవాల్సి వచ్చినప్పుడల్లా ఇది పెరుగుతుంది. ప్రోగ్రాం తెరిచినప్పుడు కాసేపు పెరిగితే కంగారు లేదు, ఆగకుండా పెరుగుతూనే ఉంటే చోటు చాలట్లేదని అర్థం.

నాన్న సిస్టంలో వాడకం 5 జీబీ దాటలేదు. డిస్కు మాత్రం నూటికి నూరు శాతం చూపిస్తోంది. అంటే రోగం డిస్కుది, మందు ర్యామ్‌కి! పైగా విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది, ఆ పాత ప్రాసెసర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు. ఇప్పుడు దాంట్లో వేసే డీడీఆర్3 స్టిక్కు రేపు కొత్త సిస్టంలో పట్టదు కూడా. అందుకని చిన్న ఎస్ఎస్‌డీ తెచ్చి, ఉబుంటు వేసి ఇచ్చాను. ఇది పోయినా ఎస్ఎస్‌డీ ఇంకోదాంట్లో పనికొస్తుంది. నాన్న చూసుకునే బ్యాంకు పన్లకి, యూట్యూబ్‌లో ప్రవచనాలకి బ్రౌజర్ చాలు.

చెల్లి ల్యాప్‌టాప్ కథ వేరు. అందులో ఎస్ఎస్‌డీ ఉంది, ప్రాసెసరూ బానే ఉంది. కానీ ఉన్నది 8 జీబీ, కమిటెడ్ 14 దాటింది, హార్డ్ ఫాల్ట్స్ ఆగట్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియోకి ఎమ్యులేటర్ కూడా కలిపితే 16 జీబీ ఉండాలని గూగుల్ వాళ్ళే చెప్తున్నారు. దీంట్లో ఒక స్లాట్ ఖాళీగా ఉంది. (ఇది ముందే చూసుకోవాలి. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వేద్దామన్నా కుదరదు.) పెరిగిన రేటుకే ఇంకో 8 జీబీ కొన్నాం. మనసు చివుక్కుమంది గానీ, కొత్త ల్యాప్‌టాప్ ఖర్చుతో పోలిస్తే అదెంత! ఎమ్యులేటర్ ఇప్పుడు మాట వింటోంది. అది మూసేసి బిల్డ్ చేస్తే పట్టే టైము మాత్రం మునుపటిలాగే ఉంది, అది ప్రాసెసర్ పని కదా మరి. డిపాజిట్ జోలికి పోలేదు.

ఇంకో మాట. చాట్ చేసుకునే చిన్న అప్లికేషన్‌లో కూడా ఒక పూర్తి బ్రౌజర్ ఇరికించి జనం మీదకి వదులుతున్నది మా వృత్తి వాళ్ళే. ర్యామ్ చౌకే కదా అన్న ధీమాతో నడిచిన యవ్వారం ఇది. ఆ బిల్లు ఇప్పుడు ఇళ్ళకి వస్తోంది :)

మీ సిస్టం కూడా నెమ్మదించిందా? షాపుకెళ్ళే ముందు ఆ రెండు అంకెలూ ఒక గంట చూడండి. నిండుతుంటే నిండుతున్నంత మేరకే కొనండి. నిండకపోతే ఆ డబ్బులు దాచుకోండి, రోగం ఇంకెక్కడో ఉంది.