పట్టు

నా ఎడమ తొడలో ఒక ఇనుప కడ్డీ ఉంది. తుంటి దగ్గర నుంచి మోకాలి పైదాక, ఎముక నడుమ మూలుగ ఉండే సందులోంచి దూర్చి, పైనా కిందా మరలు బిగించిన్రు. చలికాలం పొద్దుగాల లేస్తే అది ఉన్నదని తెలుస్తది. మిగతా దినమంతా యాదికి రాదు.

నేను కబడ్డీ ఆడేటోణ్ణి. గొప్ప ఆటగాణ్ణని కాదు. జిల్లా పోటీలు దాటి పోలేదు. పుట్టింది, పెరిగింది వరంగల్ కాశిబుగ్గలో. మాదిగోణ్ణి. నాయిన చౌరస్తలో గొడుగు కింద కూసొని చెప్పులు కుట్టేటోడు. 2002లో ఆజంజాహి మిల్లు మూతపడినంక షిఫ్టు దిగి చెప్పు తెంపుకొని వచ్చే కార్మికులు లేకుంటైన్రు, నాయిన గిరాకి సగానికి సగం పోయింది. అవ్వ మిరప సీజన్ల ఎనుమాముల మార్కెట్లో తాలుకాయ ఏరే కూలికి పోయేది. ఆ ఘాటు ఆమె కొంగులో ఇంటిదాక వచ్చేది. అవ్వ పక్కన పండుకుంటే నాకు తుమ్ములు. ఆ తుమ్ముల మధ్యనే చదువుకొని, మా ఇంట్ల మొదటిసారి డిగ్రీ పాసై, బీఎడ్ చేసి సర్కారు బడిల పంతులునైన.

కబడ్డీ నేర్చింది మాత్రం బడిల కాదు, అవ్వగారి ఊర్లె. ఎండకాలం సెలవులకు పోతే చెరువు పొలాలు ఎండి ఉండేవి. మెత్తటి మట్టి. అన్ని కులాల పోరగాళ్లం కలిసే ఆడేవాళ్లం. మాల మాదిగ పిల్లలు లేకుంటే రెండు జట్లు కావు, అందుకని కలిసి ఆడిన్రు. కూతకు పోతే నన్ను ఏడుగురు పట్టి మట్టిల అదిమేటోళ్లు. నా చెమట వాళ్ల పెయ్యికి, వాళ్ల చెమట నా పెయ్యికి. ఆట అయిపోయినంక పటేల్ బాయి కాడికి పోయేవాళ్లం. వాళ్లు చెంబు ఎత్తి తాగుతరు. మేము దూరం నిలబడి దోసిలి పడితే పైనుంచి పోస్తరు. ఇంతకుముందే నా తొడను రెండు చేతుల్తో కరుచుకొని పట్టినోడే, చెంబు నా వేళ్లకు తగలకుండ జాగ్రత్తగా పోసేటోడు. ఆటల ముట్టుకుంటే ఔటు. ఆట బయట ముట్టుకుంటే మైల. రెండు రూల్సు మాకు నోటికొచ్చు.

పన్నెండేండ్లప్పుడు ఒక తప్పు చేసిన. కూతకు పోయి ముగ్గురిని కొట్టి గీత దాటి వచ్చి, సంబురం ఆగక తొడ కొట్టిన. చప్పుడు కట్ట మీద కూసున్న పెద్దమనిషికి వినబడ్డది. "ఎవని మీద కొడుతున్నవురా తొడ?" అని దిగి వచ్చి చెంప మీద కొట్టిండు. ఆ రాత్రి తాత నన్ను వాళ్లింటి ముందుకు తీస్కపోయి కాళ్లు మొక్కించిండు. భారతంల తొడ చూపించినోడు రాజు. ఆ తొడ విరిగినా ఆయన రాజే. మాకు చప్పుడు చేసుడే తప్పయింది. 2014 నుంచి ప్రొ కబడ్డీ టీవీల వస్తున్నది. కోట్ల మంది చూస్తుంటే ఆటగాళ్లు తొడలు కొడతరు. మా బడి పిల్లలు అది చూసి నేర్చుకుంటరు. నా చెయ్యి మాత్రం ఇప్పటికీ సగం దాక పోయి ఆగుతది.

2022 ఫిబ్రవరి. బడి నుంచి నర్సంపేట రోడ్డు మీద బండిమీద వస్తున్న. మార్కెట్‌కు మిరపబస్తాలు ఏసుకపోయే ట్రాక్టరు ఒకటి, చెయ్యి చూపకుండ తిరిగింది. పడ్డంక నొప్పి వెంటనే తెలువలేదు. కాలు చూసుకుంటే కీలు లేనికాడ వంగి ఉంది. అది చూసినంక అరిచిన. జనం పోగైన్రు. "ముట్టకున్రి, కేసయితది" అని ఎవరో అంటున్నరు. చిన్నప్పటి నుంచి విన్న మాటే, కారణం కొత్తది. చివరికి ట్రాక్టరు బస్తాల మీద కూసున్న హమాలీలే దిగి, ఒకడు తుంటి కింద, ఒకడు మోకాలి కింద, ఒకడు మడిమ దగ్గర పట్టి, కాలు కదలకుండ పక్కకు జరిపిన్రు. బస్తా ఎత్తే చేతులు. ఆ పట్టు ఇంకా యాదికున్నది.

మొదలు తీస్కపోయిన ప్రైవేటు దవాఖాన పేరు రాయను. ఉద్యోగుల హెల్త్ కార్డు చూపిస్తే, ముందు పైసలు కట్టాలె అన్నరు. ఉద్యోగమొస్తే బతుకు మారుతదనుకున్నం. కార్డు వచ్చింది. అక్కడి నుంచి సర్కారు దవాఖానకు మోస్కపోయిన్రు.

తొడ ఎముక ఒంట్లోకెల్ల పొడుగైనది, గట్టిది. అది విరిగితే తొడ కండలు రెండు ముక్కలను ఒకదాని మీదికొకటి గుంజుతయి. కాలు పొట్టిగైతది. లోపలే లీటరుకు పైగా నెత్తురు పోవచ్చు, బయటికి చుక్క కనపడదు. అందుకని ఆపరేషన్ అయ్యేదాక కాలును గుంజిపట్టి ఉంచాలె. నాకు ఒక చట్రం తొడిగిన్రు. గజ్జలకు ఆనేటట్టు గుండ్రటి వలయం, దానికి రెండు పక్కల ఇనుప కమ్మీలు, పాదం దాటినంక రెండూ కలుస్తయి. పాదానికి పట్టీ కట్టి ఆ చివరకు గుంజి ముడేస్తరు. నాలుగు రోజులు అట్లనే ఉన్న.

రెండోరోజు నాయిన వచ్చిండు. కొడుకు ముఖం చూడక ముందు వలయం చూసిండు. దాని మీద తోలు తొడుగు ఉంది. వేలు పెట్టి లోపలి కుట్టు తడిమిండు.

"మడిచి కుట్టిండు, ఒరుసుకోకుండ. పని తెలిసినోడే" అన్నడు. ఆగి, "కాని తోలు ఎండిపోయింది బిడ్డా. అందుకే కోస్తున్నది" అన్నడు.

మరునాడు జేబుల చిన్న సీసాల ఆముదం పట్టుకొచ్చి, వలయం చుట్టూ రాసి, బొటనవేలితోని మెదిపిండు. నర్సమ్మ చూసి కోపం చేసింది. సాయంత్రం ఆమెనే వచ్చి, "తాతా, చినిగినయి ఇంకో రెండున్నయి, చూస్తవా?" అన్నది. నాయిన ఇంటికి పోయి ఆరె, రంపె, దారం తెచ్చి, వార్డు వరండాల కూసొని రెండూ కుట్టిచ్చిండు. కొడుకు పంతులైనంక గొడుగు మడిచి అటక మీద పెట్టిన మనిషి. అది దించిన రోజు ఆయన మొఖం నేను చూసిన. నాకు సిగ్గనిపించింది. పక్క మంచాలోళ్లకు మా కులం తెలిసిపోతదని ఆ క్షణం అనిపించింది. ఇది రాయకుంటే ఈ వ్యాసం అబద్ధమైతది.

ఆ చట్రం సంగతి తర్వాత చదివిన. దాన్ని తయారు చేసినాయన హ్యూ ఓవెన్ థామస్, లివర్‌పూల్‌లో పేదల నడుమ వైద్యం చేసిండు, 1891లో చనిపోయిండు. ఆయన తండ్రి తాతలు వేల్స్ దేశపు ఎముకలు కట్టేటోళ్లు, డిగ్రీ లేని నాటు వైద్యులు. తండ్రిని డిగ్రీ డాక్టర్లు కోర్టుకు గుంజిన్రు. కొడుకు డిగ్రీ తెచ్చుకున్నడు. తన చట్రాలు చేయడానికి ఇంటి దగ్గరనే ఒక కమ్మరిని, ఒక తోలుపని మనిషిని పెట్టుకున్నడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ చట్రాన్ని వాడించిండు. అంతకుముందు తొడ విరిగిన సైనికులు నూటికి 80 మంది దాక చచ్చిపోయేటోళ్లని, తర్వాత ఆ లెక్క 20కి పడిపోయిందని వైద్య పుస్తకాలు రాస్తుంటయి. చట్రానికి థామస్ పేరుంది. తోలు కుట్టినాయన పేరు నేను చదివినకాడ ఎక్కడా లేదు.

మా చిన్నమ్మ ఆపరేషన్ వద్దన్నది. అప్పటి చిత్తూరు జిల్లా పుత్తూరుకు తీస్కపోయి కట్టు కట్టిద్దామని ఏడ్చింది. ఆ కట్టు మీద నాకు చిన్నచూపు లేదు, థామస్ తాత కథ చదివినంక ఇంకా లేదు. కాని తొడ ఎముక రెండు ముక్కలై పక్కకు జరిగితే బయటి కట్టు ఆపలేదు. 1939లో జర్మనీల కున్‌చర్ అనే డాక్టరు ఎముక లోపలికే మేకు దించే పద్ధతి మొదలుపెట్టిండు. అయిదోరోజు నాకు చేసింది దానికి మనుమని లాంటిది.

అసలు కష్టం ఇంటికొచ్చినంక. ఎముక తనంత తానే అతుకుతది, కండ, మోకాలు అట్ల కాదు. నెలరోజులల్ల ఎడమ తొడ చెయ్యంత సన్నబడ్డది. మోకాలు సగం కూడ వంగది. మా ఇంట్ల కింద కూసునే దొడ్డి. అవ్వ పాత ప్లాస్టిక్ కుర్చీకి నడుమ బొక్క కోయించి తెచ్చింది. ముప్పై దాటిన కొడుకును అవ్వ, నా ఇంటామె చెరో పక్క పట్టి కూసోబెట్టేటోళ్లు.

వ్యాయామం చేయించే మనిషి ఒకాయన రోజుకింత అని మాట్లాడుకొని ఇంటికి వచ్చిండు. మొదటిరోజు కాలు పట్టి బాగనే చేయించిండు. పోయేటప్పుడు గోడ మీద అంబేద్కర్ ఫోటో చూసిండు. మూలకున్న ఇనుప దిమ్మ, ఆరె, రంపె చూసిండు. "ఇవి ఎవరివి?" అనడిగిండు. నాయినవని చెప్పిన. రెండోరోజు నుంచి కుర్చీ గడప కాడ ఏసుకున్నడు. అక్కడి నుంచే "ఎత్తండి, దించండి, వంచండి" అని నోటితోని చెప్పుడు. అయిదు రోజులు చూసి ఆయన లెక్క ఇచ్చి పంపించిన. ఏమీ అనలేదు. అనాల్సింది అని ఇప్పటికీ రాత్రులు అనుకుంట.

దవాఖాన్ల ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. విషయం చెప్పకుండనే, ఇంట్ల చేసుకునేది చూపెట్టమని అడిగితే, నాయిన చేతులు పట్టుకొని నేర్పింది. మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి తొడ ముందరి కండ బిగించి పది లెక్కపెట్టాలె. మంచం అంచుకు కూసొని మడిమ వెనకకు గుంజాలె. నాయినకు ఒకటే చెప్పింది: "జబర్దస్తీ చేయొద్దు తాతా, రోజూ కొంచెం కొంచెం."

"తోలు గూడ అంతే అమ్మా" అన్నడు నాయిన.

చిన్నప్పుడు లందల తంగేడు చెక్క నీళ్లల్ల తోలు నానబెట్టి, మెదిపి, వంచిన చేతులవి. పొద్దున్నొకసారి, రాత్రొకసారి నా మోకాలు వంచేటోడు. నేను తిట్టేటోణ్ణి. ఆయన లెక్కపెట్టేటోడు, పది దాటితే మళ్ల ఒకటి నుంచి. గోడకు బొగ్గుతోని గీత గీసి, మడిమ ఎంత దాక వచ్చిందో గుర్తు పెట్టేటోడు. జూన్‌ల బడి తెరిచే నాటికి కుర్చీల కూసునే అంత వంగింది. వాకర్‌తోని ఆటోల బడికి పోయిన.

ఎముక అతుకుడు ఆలస్యమైంది. అయిదో నెలల కింది మరలు తీసేసిన్రు, బరువు ఎముక మీద పడితేనే గట్టిపడతదని. దసరా నాటికి కర్ర లేకుండ నడిచిన. కాని నడక కుంటు పడుతున్నది. కొలిస్తే ఎడమ కాలు సెంటీమీటరున్నర పొట్టి. నాయిన ఏమీ అనకుండ నా ఎడమ చెప్పు తీస్కపోయి, అట్టకు అట్టకు నడుమ ఒక పొర తోలు పెట్టి కుట్టుకొచ్చిండు. అది తొడిగి నడిస్తే వాకిలి చదునైనట్టు అనిపించింది. ఇప్పటికీ నా చెప్పులన్నిటిల ఆ పొర ఉంటది.

ఆ ఏడాది డిసెంబర్ 30న క్రికెటర్ రిషభ్ పంత్ కారు బోల్తాపడ్డది. విమానంల ముంబై తీస్కపోయిన్రు. మోకాలు బాగుచేసిన్రు, 2024 మార్చిల మళ్ల ఆడిండు. సంతోషమే. ఆయన వ్యాయామం వీడియోలు చూసి నేను గూడ రెండు మూడు నేర్చుకున్న. నాకు నాయిన, గోడ మీద బొగ్గు గీతలు ఉన్నయి.

2023 ఆగస్టుకు ఎక్స్‌రేల ఎముక నిండింది. ఉరకవచ్చని డాక్టరమ్మ చెప్పింది. కబడ్డీ అని అడిగితే నవ్వి, "మెల్లగ, పట్టులకు పోకండి" అన్నది. పట్టు లేని కబడ్డీ ఏముంటది?

ఆగస్టు 29 క్రీడా దినం. బడిల సున్నం గీతలు కొట్టి కోర్టు గీసినం. పిల్లలకు, పంతుళ్లకు ఆట. పంతుళ్లం అయిదుగురమే, ఇద్దరు పిల్లలను కలుపుకున్నం. చెప్పులు ఇడిసిన. నాయిన పెట్టిన పొర గట్టు మీద ఉండిపోయింది, కాలు మళ్ల పొట్టిదైంది. అట్లనే కుంటుతనే కూతకు పోయిన. మూలకున్న తొమ్మిదో తరగతి పోరడు దూకి నా మడిమ అందుకున్నడు. మంచి పట్టు. నేను గుంజుకోకముందే ఇడిసిపెట్టిండు. రెండోసారి పోతే నడుమ ఉన్నోడు తొడ దాక చెయ్యి తెచ్చి, తగలకుండ వెనకకు తీసుకున్నడు.

ఆట ఆపిన.

"ఎందుకిడిసినవ్?"

"మీ కాళ్ల రాడున్నది గద సార్."

"రాడు నాకున్నది. నీ చేతులకేమైంది?"

పిల్లలు నవ్విన్రు. ఆ పోరని కులం బడి రిజిష్టర్ల ఉంటది, నాకు తెలుసు, ఇక్కడ రాయను. వాడు మంచి మనసుతోనే ఇడిసిండు. గడప కాడ కుర్చీ ఏసుకున్నాయన వేరు, వీడు వేరు. కాని చెయ్యి దగ్గరదాక వచ్చి వెనకకు పోతుంటే నా పెయ్యికి ఆ తేడా తెలువలేదు.

"ఈసారి ఎవరన్న ఇడిస్తే పాయింటు మాకు" అని చెప్పి మూడోసారి పోయిన. 30 సెకన్ల కూత. ఇరవై కాకముందే ఊపిరి అందుతలేదు. ఒకణ్ణి ముట్టిన. తిరిగేలోపు మడిమ దొరికింది, ఎవడో నడుము పట్టిండు, ఇంకొకడు ఎడమ తొడను రెండు చేతుల్తో కరుచుకున్నడు. గీతకు చెయ్యి జానెడు దూరంల ఆగింది. ముగ్గురు నా మీద పడ్డరు. నోట్లె మట్టి. తొడల ఒక మెరుపు లాంటి నొప్పి వచ్చి పోయింది. డాక్టరమ్మ చూస్తే తిట్టేది. విజిల్ పట్టుకున్న ఎనిమిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తి, "సార్ ఔట్!" అని గట్టిగ అరిచింది.

లేచి, మట్టి దులుపుకోకుండ, ఔటైన పిల్లల పక్కన గీత బయట కూసున్న. ఒకడు నీళ్ల సీసా ఇచ్చిండు. వాడు తాగి ఇచ్చిండు, నేను తాగి పక్కోనికిచ్చిన.

సాయంత్రం ఇంటికి పోతే నాయిన వాకిట్ల కూసున్నడు. నా అంగీ చూసిండు, కాలు చూసిండు.

"పట్టిన్రా?" అన్నడు.

"పట్టిన్రు నాయినా."

"కూసో, మోకాలు చూస్త" అని ఆముదం సీసా అందుకున్నడు.