మామ మిగిల్చిన డెబ్బై ఐదు వేలు

2015లో డిగ్రీకి హైదరాబాద్ కోఠిలో సీటొచ్చింది. కాలేజీ పక్క సందులోనే హాస్టల్, మూడు పూటలా తిండితో నెలకు 4,200. నాన్న అడ్వాన్సు కట్టబోతుంటే మా మామ అడ్డం పడ్డాడు.

"బావా, పైసలు ఎక్కువైనయా? హయత్‌నగర్‌ల మనోళ్ల రూముంది. అల్లుని వాటాకు 1,500. నకిరేకల్‌ల బస్సెక్కితే ఇంటి ముంగట దిగుడే, బియ్యం మూట మోసే పని గూడ లేదు."

కరెంటు, గ్యాసు, పాసు అన్నీ కలిపి ఇంకో 600 వేశాడు. నెలకు 2,100 మిగులు, 36 నెలలకు 75,600. పెళ్లిపత్రిక వెనక రాసిన ఆ అంకె కింద రెండు గీతలు కూడా కొట్టాడు. రెండు తులాల బంగారం పైమాటే అని అమ్మ మురిసిపోయింది.

నా లెక్క వినండి. అద్దె 1,500. కరెంటు, నీళ్లు 250. చిన్న సిలిండర్ 350. అన్నం వండుకున్నా కూర కర్రీ పాయింట్‌దే, నెలకు 650. మధ్యాహ్నం కోఠిలో భోజనం 50 చొప్పున 24 రోజులకు 1,200. పాసు, బస్సు తప్పితే షేర్ ఆటో 350. మొత్తం 4,300. హాస్టల్ కన్నా వంద ఎక్కువ! నెలలు 30 వేసుకున్నా 3,000. రెండు వేసవులు ఊళ్లో ఉండి కూడా కట్టిన నాలుగు నెలల అద్దె 6,000. హాస్టల్‌లో అయితే సెలవులకు ఖాళీ చేసి పోవచ్చు. మామ చూపించిన మిగులు పోగా, 9,000 ఎదురు.

ఇక బస్సు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మెట్రో పిల్లర్ల మధ్య పోనూ రానూ మూడు గంటలు. 24 రోజులు, 30 నెలలు: 2,160 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 90 రోజులు నేను ఫుట్‌బోర్డు మీద ఉన్నాను. హాస్టల్‌లో ఉన్న నా దోస్తు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి నెలకు 2,000 సంపాదించాడు, అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి నడిచి వెళ్లి చదువుకున్నాడు. నేను చాదర్‌ఘాట్ దగ్గర మూసీ వాసన పీల్చాను. ఎల్బీనగర్‌కి మెట్రో 2018 సెప్టెంబర్ 24న వచ్చింది. ఆ ఏడు మేలోనే నా చివరి పరీక్ష అయిపోయింది.

సంక్షేమ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టొచ్చనీ, దిల్‌సుఖ్‌నగర్‌లోనే రూము తీసుకోవచ్చనీ ఎవరికీ తట్టలేదు. హాస్టల్ సాంబారు ఉత్త నీళ్లేనని దోస్తు తిట్టేవాడు, నిజమే. ఆ నీళ్లైనా వేడిగా దొరికేవి. రాత్రి తొమ్మిదిన్నరకు నేను విప్పే కర్రీ కవర్లో నూనె గడ్డకట్టి ఉండేది.

మొన్న మామ కూతురికి కూడా కోఠిలోనే సీటొచ్చింది. హయత్‌నగర్ రూము ఖాళీగా ఉందేమో కనుక్కోమంటావా అన్నాను.

"ఏడికెళ్లి ఏడికి రా! టైమంతా బస్సులల్లనే పోతది. కాలేజీ పక్కనే హాస్టల్ల ఏసిన."

నెలకెంత మామా అంటే, "ఎంతైతే ఏంది" అన్నాడు.