ఎత్తు బండి, చెక్క పీట

వంశధార ఒడ్డునున్న మా శ్రీముఖలింగం వైపు ఇప్పుడు ఎవరు కారు కొన్నా చాలావరకు ఎత్తు బండే. ఒకప్పుడు కారంటే అంబాసిడర్ మొదలుకొని వెనుక డిక్కీ ఉన్న సెడానే. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. 2025లో మారుతి సియాజ్ కూడా ఆగిపోయింది.

మేమూ అందరిలాగే మారాం. వానాకాలం గోతుల్లో పాత సెడాన్ అడుగు నేలకు రాసుకునేది. కొత్త ఎస్‌యూవీకి ఆ బాధ లేదు. సంతోషించాం.

అయితే ప్రతి ఆదివారం మా కారులో ఆరాధనకు వచ్చే ఒక మామ్మ రావడం మానేసింది. ఒంట్లో బాగోలేదేమో అనుకుని ప్రార్థించాం. మూడో వారం ఇంటికి వెళ్లి అడిగాం.

"కారు ఎక్కలేకపోతన్నాను అయ్యగారూ. నలుగురి ముందు నన్ను మూటలాగ ఎత్తుతుంటే సిగ్గేస్తంది" అంది.

పాత కారులో ఆమె సీటు మీద కూర్చున్నాక కాళ్లు లోపలికి పెట్టుకునేది. మేము దారిలో గోతులు చూసుకున్నాం గాని, ఆమె మోకాళ్లు చూడలేదు.

ఇప్పుడు బండిలో ఒక చెక్క పీట ఉంటుంది. ఆమె ఎక్కేముందు వంగి దాన్ని కింద పెడతాం. ప్రభువు వంగి శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎన్నోసార్లు బోధించాం. వంగడం మాత్రం ఈ పీట దగ్గరే నేర్చుకుంటున్నాం.