తయారు

హిందీ నుండి తెలుగునకు అనువదించువానికి కఠిన పదములకంటె ఉభయ భాషలకును చెందిన పదములే ఎక్కువ చిక్కు కలిగించును. నిఘంటువు అక్కరలేదను ధీమాతో మనము దాటిపోవునది అచ్చటనే. 'తయారీ' అట్టి మాట. హిందీవారికి అది సన్నాహము: పరీక్షకో, పెండ్లికో, ప్రయాణమునకో చేసికొనునది. మనకు తయారీ అనగా చాలవరకు వస్తువును చేయుట. నేనుండు గీదములో జగదల్పూరు బాట రెండుగా చీలును. ఒక పాయ దంతెవాడకు, మరియొకటి బీజాపూరు, భోపాలపట్నముల మీదుగా తెలుగు నేలకు పోవును. ఇచ్చట ఒకే మాట రెండు అర్థములతో తిరుగుట వింత కాదు.

చంద్రయాత్రలకై రాకెట్టులను, వ్యోమగాములను సిద్ధపరచిన విధమును గూర్చిన ఒక హిందీ వ్యాసమును తెనిగించుచుండగా ఈ మాట నన్ను ఆపినది. బైలడిల్లా ఇనుపరాయి మా ఊరి మీదుగానే రైలులో విశాఖపట్టణమునకు పోవుచుండును. కొలిమిని చూడనిదే అది ఇనుము కాదు. అట్లే, చేయబడిన యంత్రమునకును సిద్ధమైన యంత్రమునకును నడుమ చాల దూరమున్నది. ఆ వ్యాసమంతయు ఆ దూరమును గూర్చినదే.

1961 మే 25న అధ్యక్షుడు కెనడీ, ఆ దశాబ్దము ముగియులోపల మానవుని చంద్రునిపై దింపి క్షేమముగా తిరిగి తేవలయునని ప్రకటించినారు. అప్పటికి అమెరికా వ్యోమగాముల అనుభవమంతయు అలన్ షెపర్డ్ చేసిన 15 నిమిషముల ప్రయాణమే. తరువాత నిర్మించిన సాటర్న్-5 రాకెట్టు ఎత్తు 363 అడుగులు; దాని మొదటి అంచెలో ఐదు ఎఫ్-1 ఇంజనులు. తొలి పరీక్షలలో ఈ ఇంజనులు కొన్ని, లోపలి జ్వాల లయ తప్పి ఊగుట వలన, పీఠముపైననే నాశనమైనవి. ఆ ఊపు దానంతట అది వచ్చువరకు ఇంజనీర్లు వేచియుండలేదు. మండుచున్న ఇంజనులో చిన్న బాంబు పేల్చి, కలతను తామే పుట్టించి, జ్వాల కుదుటపడునా లేదా అని చూచినారు. ఇంధనమును చిమ్ము పళ్ళెముపై అడ్డుగోడలను పలుమార్లు మార్చి అమర్చి, సెకనులో పదోవంతు లోపల కలత అణగునట్లు చేసినారు.

ఆపదను ముందే పిలువని చోట ఏమగునో 1967 జనవరి 27న తెలిసినది. గ్రిసమ్, వైట్, చాఫీ అను మువ్వురు అపోలో గదిలో కూర్చుండి ప్రయాణదినపు క్రమమును అభ్యసించుచున్నారు. రాకెట్టులో ఇంధనము లేదు. కనుక ఆ పరీక్షను ఎవరును ప్రమాదకరముగా లెక్కింపలేదు. గది నిండ శుద్ధ ప్రాణవాయువు, బయటి గాలికంటె ఎక్కువ ఒత్తిడితో ఉన్నది. మంట లేచినది. తలుపు లోపలికి తెరచుకొనునది. పెరిగిన ఒత్తిడికి ఎదురుగా దానిని లాగుట అసాధ్యమైనది. భూమిని విడువకయే ఆ మువ్వురును అసువులు బాసినారు. ఆ నౌక చేయబడినది, తయారు కాలేదు. సెకనులలో బయటికి తెరచుకొను తలుపుతో, మార్చిన గాలితో, అపోలో 7 మనుష్యులను మోసికొని లేచునప్పటికి 1968 అక్టోబరు వచ్చినది.

మనుష్యులను సిద్ధపరచుటయు ఇట్టిదే. అపోలో 11 బయలుదేరుటకు కొలది దినములు ముందు, హ్యూస్టనులో జరిగిన అభ్యాసములో శిక్షకులు గణకయంత్రము చేత ఒక అపరిచిత హెచ్చరిక ఇప్పించినారు. స్టీవ్ బేల్స్ అను యువ నియంత్రకుడు అవరోహణమును రద్దు చేయించినాడు. అది అనవసరమని పిదప తేలినది. వెంటనే అట్టి హెచ్చరికలన్నిటికిని పట్టిక సిద్ధమైనది. జూలై 20న, చంద్రుని నేల సమీపించుచుండగా, అదే జాతి హెచ్చరికలు నిజముగా వచ్చినవి. ఈమారు బేల్స్ సాగవచ్చునన్నాడు.

మన శ్రీహరికోటలోను ఈ పాఠమే కనబడును. 2023 అక్టోబరు 21న, గగనయానములో ఆపద వేళ వ్యోమగాములను తప్పించు ఏర్పాటును నిర్జనమైన గదితో పరీక్షించినారు. ఐదు సెకనులు మిగిలియుండగా గణకయంత్రము ప్రయోగమును నిలిపివేసినది. కారణమును గుర్తించి సరిదిద్ది, ఆ ఉదయమే 10 గంటలకు ఎగురవేసినారు. ఆ నిలుపుదల అపజయము కాదు, తయారీలోని భాగమే.

చంద్రుని వరకు పోకున్నను, 1984 ఏప్రిల్ 3న హైదరాబాదులో పెరిగిన రాకేశ్ శర్మ రోదసికి పోయినారు. ఆయనతో పాటు శిక్షణ అంతయు పూర్తిచేసిన రవీశ్ మల్హోత్రా నేలపైననే నిలిచిపోయినారు. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా బయలుదేరినప్పుడు ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్ అట్లే నిలిచినారు. అవసరమైన క్షణమున ఆ స్థానమున కూర్చుండుటకు వారిరువురును సమర్థులు. అట్టివారిని గూర్చి హిందీలో 'తైయార్' అన్నను, తెలుగులో 'తయారు' అన్నను, అర్థభేదము లేదు.